మావయ్య అడిగిన ఇంకో పాట

మా మావయ్య పోయాడన్న కబురు వచ్చేసరికి నేను ఎనిమిదో తరగతి గదిలో ఉన్నాను. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. అత్తయ్య బడి వేళలో ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. అందుకే వెంటనే ఎత్తాను.

"మీ మావయ్య పోయాడమ్మా. పొద్దున కాసిని పాలు తాగి పడుకున్నాడు, మళ్ళీ లేవలా" అంది.

ఆ మాట ముందు బెంచీ పిల్లలకు కూడా వినపడింది. ఆ ఇంట్లో అందరూ అరిచినట్టే మాట్లాడతారు. చెవులు పోయిన మనిషితో పన్నెండేళ్ళు మాట్లాడి మాట్లాడి అత్తయ్య గొంతు అలా అయిపోయింది. చావు కబురు కూడా నెమ్మదిగా చెప్పడం ఆవిడకు చేతకాలేదు.

సత్తెనపల్లి నుంచి మార్టూరు వెళ్ళాలంటే బస్సులు మారాలి. చిలకలూరిపేటలో రెండో బస్సు ఎక్కాక ఫోన్ తీశాను. వచ్చే ఆదివారం మావయ్యకు వినిపిద్దామని దాచిన పాటలు నాలుగు ఉన్నాయి. వాటిలో ఏదీ ఆయనకు నచ్చదని దాచినప్పుడే తెలుసు. అయినా తుడిచెయ్యలేకపోయాను.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ఇరవై రెండో ఏట మార్టూరులో గ్రానైటు పాలిష్ పట్టే షెడ్డులో చేరి, చివరిదాకా ఆ మిషన్ మీదే పనిచేశాడు. బల్ల మీద రాయి, రాయి మీద గిర్రున తిరిగే చక్రం, పైనుంచి ఆగకుండా నీళ్ళు, కింద మోకాళ్ళ దాకా తెల్లటి రాతి బురద. చిన్నప్పుడు క్యారేజీ ఇవ్వడానికి అత్తయ్యతో వెళ్ళేదాన్ని. ఆ శబ్దానికి పళ్ళు జివ్వుమనేవి. మావయ్య చెవుల్లో పత్తి కుక్కుకునేవాడు. మా చుట్టుపక్కల పత్తికి కరువా? చేలోంచి గుప్పెడు తెచ్చుకుంటే నెలరోజులు సరిపోయేది. చెవులకు ఆయన చేసుకున్న కాపుదల అంతే.

ఆదివారం మాత్రం ఆయన వేరే మనిషి. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, గోళ్ళలో ఇరుక్కున్న రాతిపొడిని అగ్గిపుల్లతో తీసుకుని, చర్చిలో హార్మోనియం ముందు కూర్చునేవాడు. పిల్లలకు, ఆడవాళ్ళకు కీర్తనలు నేర్పింది ఆయనే. నేను ఇవాళ లెక్కల టీచర్నయ్యానంటే దానికీ ఆయనే కారణం. నాకు భిన్నాలు అర్థమైంది పుస్తకంలో కాదు, ఆయన డోలక్ మీద. "ఒక దెబ్బని రెండు చెయ్, నాలుగు చెయ్. చూశావా, దెబ్బలు పెరిగినాయి గానీ టైం పెరగలా" అని చూపించాడు. ఇప్పటికీ మా పిల్లలకు బల్ల మీద కొట్టి అలాగే చెబుతాను.

క్వయర్‌లో ఎవరైనా గొంతు చించుకుంటే ఆపేసేవాడు. "పాట నీ గొంతులో ఉండదురా, పక్కవాడి చెవిలో ఉంటది. వాణ్ణి వింటా పాడు" అనేవాడు.

అలాంటి మనిషి చెవులు ముందు పై స్వరాల దగ్గర పోయాయి. హార్మోనియంలో కుడిచేతి వైపు మెట్లు పలకడం లేదనుకుని రిపేరుకు ఒంగోలు మోసుకెళ్ళాడు. రిపేరు చేసేవాడు వాయించి చూపించి, "బానే ఉందిగదండీ" అన్నాడట. మావయ్య వాడితో గొడవపెట్టుకుని వచ్చాడు. తర్వాత ఒక ఆదివారం పాట ఒక శ్రుతిలో, ఆయన వాయిద్యం ఇంకో శ్రుతిలో నడిచాయి. పిల్లలు నవ్వారు. వాళ్ళ మొహాలు చూసి ఆయనా నవ్వాడు. పై వారం నుంచి వెనక వరసలో, తలుపు పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

గుంటూరులో చెవి డాక్టరు నరం దెబ్బతిన్నదనీ, మందులేదనీ చెప్పాడు. చెవికి మిషన్ పెడితే మాటలకన్నా రొద ఎక్కువ వినపడుతోందని నాలుగు రోజులకే డబ్బాలో పెట్టేశాడు. దానికి తోడు చెవుల్లో ఒక కూత. "షెడ్డు మూసి ఇంటికొచ్చినా చక్రం ఆగట్లేదే అమ్మాయ్" అనేవాడు. అన్నం తింటున్నా, బైబిల్ చదువుకుంటున్నా అదే కూత.

ఆ కూతను దాటి ఆయనకు వినపడిన పాట ఒకటుంది, అది ఆయన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి.

మా స్కూల్లో ఒక టీచరు నవ్వుకోవడానికి వీడియో ఒకటి పంపింది. గుంటూరులో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళు నలుగురు, జుట్లు విరబోసుకుని, కాలేజీ ఫంక్షన్లో పాత కీర్తన ఒకటి రాక్ పాటలా వాయించారు. గిటార్లు చిరిగిపోతున్నట్టున్నాయి. డ్రమ్ములు ఎవరో తరుముతున్నట్టున్నాయి. పాడేవాడు పాడటం లేదు, పొలం గట్టున కేకేస్తున్నట్టు ఉంది. కానీ కీర్తన మాత్రం మా అమ్మమ్మ మిరపకాయ కోతల్లో పాడుకున్నదే. ఇది చూస్తే మావయ్యకు కోపం వస్తుందేమో, కాసేపు తిట్టుకుని కాలక్షేపం చేద్దామని ఆ ఆదివారం వాళ్ళింట్లో పెద్ద స్పీకరుకు కలిపి పెట్టాను.

మంచం మీద కూర్చున్న మావయ్య లేచి వచ్చాడు. స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. పాట అయిపోయింది.

"మళ్ళీ పెట్టవే."

"మావయ్యా, ఇదంతా గోల" అని అరిచాను.

"గోలే. దీని గోలలో నా చెవి గోల కలిసిపోయింది. కలిసిపోయి, అడుగునుంచి మా అమ్మ పాట పైకొచ్చింది. పెట్టు."

ఆరుసార్లు పెట్టించుకున్నాడు. పక్కింటివాళ్ళు గోడమీదుగా తొంగిచూశారు. అత్తయ్య చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన మోకాలి మీద తాళం వేస్తున్నాడు. ఆయన చేతిలో తాళం చూసి ఎన్నేళ్ళయిందో మా ఇద్దరికీ లెక్క తెలియదు.

వచ్చేటప్పుడు బస్టాండుదాకా వచ్చి ఒకటే అడిగాడు. "ఇట్టాంటిది ఇంకోటి చూడవే. ఒక్కటి చాలు."

అదెంత పని అనుకున్నాను. ఏడాదిన్నర వెతికాను.

ముందు ఆ రకం పాటను ఏమంటారో కూడా నాకు తెలియదు. కంప్యూటర్ నేర్పే సారు "పంక్ అంటారు మేడమ్" అని చెప్పారు. గుంటూరులో వాయిద్యాల కొట్లో అడిగితే, అక్కడి కుర్రవాడు గిటారుకు తగిలించి కాలికింద నొక్కే చిన్న పెట్టె ఒకటి చూపించాడు. "దీనిగుండా పంపితే స్వరం పగుల్తదండీ. కావాలనే పగలగొడతారు" అన్నాడు. ఆ మాటలన్నీ నోట్సులో రాసుకుని రోజూ సాయంత్రం ఫోన్లో వెతికేదాన్ని. ఎక్కడెక్కడి దేశాల పాటలో వచ్చేవి. వంట చేసుకుంటూ వినేదాన్ని. తలనొప్పి వచ్చేది. వాటిలోంచి నాలుగో అయిదో ఏరి ఆదివారం మార్టూరు పట్టుకెళ్ళేదాన్ని.

మావయ్య శ్రద్ధగా చెయ్యి ఆనించి వినేవాడు. "వీడెవడో కోపంగా ఉన్నాడు. వీడి కోపం నాకెందుకు?" అని ఒకదాన్ని పక్కన పెట్టాడు. ఇంకొకటి విని, "ఇది మా షెడ్డే. దీనికోసం నువ్వు బస్సెక్కి రావాలా?" అన్నాడు. ఒకటి బాగుందేమో అనిపించింది. చివరిదాకా విని తల అడ్డంగా ఊపాడు.

"ఇందులో పాట ఉన్నట్టుంది. కానీ నాకు తెలిసిన పాట కాదే. చెవులు పోయినోడికి తెలిసిన పాటే వినపడుద్ది. తెలీనిది చెవిదాకా వచ్చి ఆగిపోద్ది."

అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకు గోల ఒక్కటే కాదు, గోల అడుగున ఆయన ఎరిగిన పాట ఉండాలి. ప్రపంచంలో గోల బోలెడంత ఉంది. ఆయన ఎరిగిన పాటలూ బోలెడన్ని. ఆ రెండూ కలిసింది మాత్రం ఒక్కచోటే.

ఆ కుర్రాళ్ళనే పట్టుకున్నాను. గిటార్ వాయించినవాడు జవాబిచ్చాడు. "సరదాకి చేశాం మేడమ్. ఇప్పుడు తలా ఒక ఊళ్ళో ఉన్నాం" అన్నాడు. మావయ్య సంగతి చెప్పాను. "క్రిస్మస్‌కి అందరం వస్తాం మేడమ్, అప్పుడు తప్పకుండా ఇంకోటి చేస్తాం" అన్నాడు. క్రిస్మస్‌కు ఇద్దరే వచ్చారు. డ్రమ్ముల అబ్బాయికి సెలవు దొరకలేదు. అతన్ని ఏమంటాం? ఆ పిల్లలు మాకేమీ బాకీ లేరు.

చివరికి నేనే ఒక పిచ్చిపని చేశాను. చర్చి గదిలో పాత మైకు సెట్టు ఉంది. దాని స్పీకరు చిరిగి బరబరలాడుతుంది. పాస్టరుగారిని అడిగి తాళం తీయించి, ఒక మధ్యాహ్నం మావయ్యను తీసుకెళ్ళి స్పీకరు పెట్టె పక్కన కూర్చోబెట్టాను. సౌండు చివరికంటా పెంచి, ఆయనే నాకు నేర్పిన కీర్తన ఒకటి పాడాను. కిటికీ అద్దాలు అదిరాయి. పాస్టరుగారు పరుగున వచ్చి, మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. మావయ్య రెండు చేతులూ పెట్టెకు ఆనించి, కళ్ళు చిట్లించి, నా నోటికేసే చూస్తున్నాడు.

పాట అయ్యాక నా తల మీద చెయ్యి వేశాడు. "బానే పాడుంటావులే. నాదాకా రాలా."

నేను అక్కడే కూర్చుండిపోయాను. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

ఈ వేసవికి ఊపిరితిత్తులు కూడా మొరాయించాయి. రాతిదుమ్ము అన్నారు. గుంటూరు ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఉన్నాడు. ఒకరోజు ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి, చెవి చూపించి సైగ చేశాడు. ఇయర్‌ఫోన్లు పెట్టి ఆ కుర్రాళ్ళ పాటే పెట్టాను. సౌండు పూర్తిగా పెంచాను. పక్క మంచం మనిషి ఇటు తిరిగి చూశాడు, అతనికి కూడా వినపడుతోంది.

మావయ్య ఎదురుచూస్తున్నట్టు నన్నే చూస్తున్నాడు. కాసేపటికి అడిగాడు. "పెట్టావా?"

పాట సగం దాటింది. "ఇప్పుడే పెడతా మావయ్యా" అన్నాను. ఫోన్ మీద ఊరికే వేలు కదిపాను. ఆయన నా పెదాలు చదివి తలూపి కళ్ళు మూసుకున్నాడు. పాట అయిపోయింది. ఇయర్‌ఫోన్లు మెల్లగా తీశాను. "బావుందే" అన్నాడు.

విన్నాడో, నాకోసం అన్నాడో నాకు తెలియదు. ఇంక చెయ్యగలిగింది లేదని ఇంటికి పంపించేశారు. వారం తిరక్కుండానే పోయాడు.

గిటార్ అబ్బాయికి కబురు పెట్టాను. "సారీ మేడమ్" అని ఒక్క మాట వచ్చింది.

మర్నాడు ఉదయం సమాధుల తోటకు తీసుకెళ్ళాం. మావయ్యతో షెడ్డులో పనిచేసినవాళ్ళు ఏడుగురు వచ్చారు. అందరూ అరవై దగ్గరపడ్డవాళ్ళే. పని చొక్కాలు మార్చుకుని వచ్చారు గానీ కనుబొమల్లో తెల్లదుమ్ము అలాగే ఉంది. గొయ్యికి అవతలివైపు వరసగా నిలబడ్డారు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరితోపాటు చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, తలలు వంచారు.

ప్రార్థన పూర్తయింది. మేమందరం ఆమెన్ అని కళ్ళు తెరిచాం. వాళ్ళు తెరవలేదు. ఏడుగురూ అలాగే ఉన్నారు. ఎవరో దగ్గారు. ఎవరో పలుగు పక్కన పెట్టారు. వాళ్ళకు ఏదీ వినపడలేదు. అత్తయ్య ఏడుపు ఆపుకుని వాళ్ళవైపే చూస్తోంది. వెళ్ళి తట్టి చెప్పడానికి మాలో ఎవరికీ కాళ్ళు రాలేదు. పాస్టరుగారు బైబిల్ మూసి పట్టుకుని నిలబడ్డారు. ఎండ ఎక్కుతోంది. అవతలి గట్టున ఏడుగురు మగవాళ్ళు తలలు వంచుకుని, అయిపోయిన ప్రార్థనలో ఇంకా నిలబడే ఉన్నారు.