పాటల్ని దాచేసిన వంపు బాణం

ఎలీసబెతు కష్టపడి సాధించిన మొదటి గెలుపు గజ్జి మీద. నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో మంథని వైపు ఒక వాడలో ఆ రోగం పిల్లల వేళ్ల సందుల్లో మొదలై పెద్దల నడుముల దాకా పాకింది. ఆమె ఇల్లిల్లూ తిరిగి తెల్లమందు ఇచ్చేది. ఈ ఇంట్లో తగ్గేసరికి పక్కింటి నుంచి మళ్లీ అంటుకునేది. ఒక్కరోజే వాడంతా మందు పూసుకోవాలి, బట్టలన్నీ ఉడకబెట్టాలి, అప్పుడుగానీ ఇది పోదని ఆమెకు తెలిసొచ్చింది. కానీ ఒప్పుకునేవాళ్లేరీ? వాడ పెద్ద వెంకటి మోచెయ్యి గోక్కుంటూనే, "మా ఇంట్ల గసుంటి రోగాలు లేవు నర్సమ్మా, వేరే ఇండ్లు సూసుకో" అన్నాడు.

మరునాడు ఎలీసబెతు వాడ నడుమ నిలబడి జాకెట్టు చేతులు పైకి లాక్కుంది. "సూడుర్రి, నాకు సుత అంటింది. సిగ్గేంది? ముందుగాల నేనే పూసుకుంట" అని అందరి ముందు మందు రాసుకుంది. ముందు ఆడవాళ్లు నవ్వారు, తర్వాత గిన్నెలు పట్టుకొచ్చారు. సాయంత్రానికి వెంకటి కూడా చొక్కా విప్పాడు. ఆ వాడలో మళ్లీ గజ్జి కనిపించలేదు.

ఊరి మిషన్ బడిలో ఏడో తరగతి, ఆపైన నర్సు ట్రైనింగు. అంతే ఆమె చదువు. ఆ చదువుతోనే వరదల్లో రోడ్డు తెగితే ట్రాక్టరు ఇంజను మీద కూర్చొని పోయి కవల పిల్లల కాన్పు చేసింది. పాము కరిచిన మనిషిని సైకిల్ క్యారేజీ మీద కట్టుకొని దవాఖానకు చేర్చింది. కలెక్టరు చేతుల మీదుగా శాలువా కప్పించుకుంది. పెద్దపల్లిలో ముప్పై ఏళ్లలోపు వాళ్లెవరు ఎదురొచ్చినా, "నీకు పోలియో చుక్కలు ఏసింది నేనే, నా చెయ్యి కరిచినవ్" అంటుంది. ఎవరూ కాదనరు. కాదంటే ఇంకో నాలుగు విషయాలు బయటికొస్తాయి.

ఉద్యోగం దిగిపోయాక ఆమె కంప్యూటరు కొన్నది. అది అక్క మహిమ కోసం.

మహిమ పెద్దపల్లి చర్చి సంఘంలో నలభై ఏళ్లుగా పాట ఎత్తిన మనిషి. ఆమె ఎత్తుకుంటే వెనక కూర్చున్నవాళ్లు కూడా గొంతు సవరించుకునేవాళ్లు. నాట్లేసే ఆడవాళ్ల బాణీల్లో దేవుని పాటలు కట్టి పాడేది. భర్త పోయాక చెల్లెలి దగ్గరే ఉంటోంది. రెండేళ్ల కింద ఆమె గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భయం లేదు, గొంతు మాత్రం మిగలకపోవచ్చని కరీంనగర్ డాక్టర్లు చెప్పారు. ఆ నెలంతా ఎలీసబెతు అక్కను మంచమ్మీద కూర్చోబెట్టి, వచ్చిన పాటలన్నీ సెల్‌ఫోన్లో రికార్డు చేసింది. ఫోను నిండిపోతే కంప్యూటర్లోకి ఎక్కించి ఫోన్లోవి తుడిచేసింది. ఆపరేషన్ అయింది. ప్రాణం నిలిచింది. గొంతు పోయింది. ఇప్పుడు మహిమ మాట్లాడితే తాటాకు కదిలినట్టు ఒక గుసగుస, అదీ పక్కన కూర్చున్న చెల్లెలికే తెలుస్తుంది. ఆమె పాట ఇక ఉన్నది ఆ కంప్యూటర్లోనే.

వాటిలో కొన్నిటిని ఎలీసబెతు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి సంఘానికి ఇచ్చింది. శుక్రవారం శుక్రవారం ఒకరింట్లో ప్రార్థన కూటం జరుగుతుంది. ఆ పెన్‌డ్రైవ్ ఆ ఇంటికి పోతుంది. ఆ ఇంటివాళ్లు వారమంతా విని, తమకు ఇష్టమైన ఒక పాట కలిపి పంపాలి. ఈ పద్ధతి పెట్టింది ఎలీసబెతే. దాని గురించి కూడా ఆమె గొప్పగానే చెప్పుకునేది.

జనవరిలో ఒక పొద్దున మహిమ చేటలో బియ్యం పోసుకొని కూర్చొని, పాట పెట్టమని సైగ చేసింది. ఎలీసబెతు కంప్యూటరు తెరిచింది. పాటల ఫోల్డర్ల మూల మూలకు ఒక చిన్న వంపు బాణం గుర్తు కనిపించింది. నొక్కితే నల్లని పెట్టె ఒకటి తెరుచుకున్నట్టే తెరుచుకొని మాయమైంది. పాట రాలేదు. పక్కన అంకెలూ అక్షరాలూ కలగలిసిన పేర్లతో ఎన్నడూ చూడని ఫైళ్లు. వాటిని తీసేసింది. కళ్లు తుడుచుకొని చూసేలోగా మళ్లీ వచ్చి కూర్చున్నాయి.

"ఏమైందే?" అన్నది మహిమ గుసగుసగా.

"కరెంటు పోయిందక్కా."

మహిమ తల పైకెత్తి, గిర్రున తిరుగుతున్న ఫ్యాను వైపు వేలు చూపించింది. తర్వాత చెల్లెలి మొహం చూసి చేట పక్కన పెట్టేసింది.

ఎలీసబెతు పెరట్లోకి పోయి ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసింది. కరీంనగర్ కోర్టు చౌరస్తా దగ్గర కంప్యూటర్లు బాగుచేసే పిల్లవాడతను. కంప్యూటరు కొన్నది అతని దగ్గరే.

"వైరసమ్మా. గీ నెల మస్తుగ వస్తున్నయ్. తీసుకరా, ఫార్మాట్ కొడ్త."

"ఫార్మాటంటే?"

"అంత తుడిచేసి కొత్తగ చేసుడు."

"ఓంప్రకాశ్, తుడిచినవంటే నీ దుకాణం ముంగట కూసుంట చెప్తున్న. దాంట్ల మా అక్క గొంతున్నది."

అతను ఇంకోటి అడిగాడు. "ఫోల్డర్లు ఖాళీగ ఉన్నయా అమ్మా?"

"ఖాళీగ కనవడుతున్నయ్. గని కంప్యూటర్ల జాగ నిండిందని సూపే ఎర్రగీత అట్లనే ఉన్నది. బియ్యం డబ్బాల తొంగిచూస్తే ఏం లేదు, ఎత్తితే లేస్తలేదు. గట్లుంటదా?"

"ఎర్రగీత ఉన్నదా?" ఓంప్రకాశ్ గొంతు మారింది. "అయితే ఫికర్ చెయ్యకు. ఏమీ ముట్టుకోకుండ పట్టుకరా."

ఆమె కంప్యూటరు డబ్బాను పాత దుప్పట్లో చుట్టి బస్సెక్కింది. ఒళ్లో పెట్టుకొని రెండు చేతులా పట్టుకుంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా డబ్బాతోపాటు తానూ లేచి కూర్చుంది.

"ఏందమ్మా అది, టీవీయా?" అన్నాడు కండక్టర్.

"మా అక్క గొంతు."

కండక్టర్ ఆమెనూ దుప్పటినీ మార్చి మార్చి చూశాడు. "గొంతుకు టికెట్ లేదు తియ్యి. గని కాళ్ల కాడ పెట్టకు, ఎవలన్న తన్నుతరు."

దుకాణంలో ఓంప్రకాశ్ తీగలు తగిలించాడు. దాచిన ఫైళ్లు చూపించమని ఒకచోట గుర్తు పెట్టాడు, ఇంకోచోట ఒక గుర్తు తీసేశాడు. తెర మీద ఒక్కొక్కటిగా ఫోల్డర్లు తేలాయి. బాగా ఉతికిన చీర రంగులా వెలిసిపోయి ఉన్నాయి, కానీ ఉన్నాయి.

"గియ్యేనా?"

ఎలీసబెతు తలూపింది. ఓంప్రకాశ్ ఒకదాన్ని నొక్కాడు. మహిమ గొంతు దుకాణమంతా పరుచుకుంది. ఎదురుగా ప్రింటరు కోసం వచ్చినాయన సంచి కింద పెట్టి వింటూ నిలబడిపోయాడు. ఎలీసబెతు స్టూలు మీద కూర్చొని కొంగుతో మొహం తుడుచుకుంది. పొద్దటి నుంచి నీళ్లు తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"గీ వైరస్ ఏదీ తుడవదమ్మా" అన్నాడు ఓంప్రకాశ్. "అసలుదాన్ని దాచి, దాని వేషమేసుకొని ముంగట కూసుంటది. నువ్వు పాటనుకొని నొక్కినప్పుడల్లా దాన్నే నడిపిస్తున్నవ్." కంప్యూటరు తెరవగానే లేచి కూర్చునే దొంగ ఫైలు ఎక్కడుందో వెతికి పట్టుకున్నాడు. దాన్ని పీకేసి, ఫోల్డర్ల రంగు మళ్లీ మామూలు చేసి, అరచేతంత హార్డ్ డిస్క్‌లో అన్నిటికీ నకలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చిన సాయంత్రం మహిమ తన పాట తాను వింటూ అన్నం తిన్నది. పాట నడుమ ఒకచోట శృతి తప్పితే మొహం చిట్లించింది కూడా.

అక్కడితో అయిపోతే బాగుండేది. శుక్రవారం కూటం నుంచి పెన్‌డ్రైవ్ తిరిగొచ్చింది. కొత్తగా కలిపిన పాట ఏదో విందామని ఎలీసబెతు పెట్టింది. మళ్లీ వంపు బాణాలు.

ఈసారి ఆమె భయపడలేదు. నకలు బీరువాలో ఉంది. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు ఆ బాణాలనే చూసింది. తర్వాత తన వేళ్ల సందుల్లోకి చూసుకుంది. పెన్‌డ్రైవ్ పోయిన ఇండ్లను గుర్తు చేసుకుంది. ప్రతి ఇంట్లో ఒక పాట కలపాలని చెప్పింది తానే. కలపాలంటే వాళ్ల కంప్యూటర్‌కు తగిలించాల్సిందే. కంప్యూటరు లేనివాళ్లు మైకుసెట్టు మల్లేష్ ల్యాప్‌టాప్ దగ్గరికి పోతారు.

"ఓంప్రకాశ్," అన్నది ఫోన్లో, "గిది గజ్జి రా బిడ్డా. నా ఒక్కదానికి మందు పూస్తే పోదు. ఆదివారం నీ సామాను సర్దుకొని మా చర్చికి రా. అన్నం నేను పెడత."

ఆదివారం ఆరాధన చివర పాస్టరు డేవిడ్ అయ్యగారు ప్రకటన చేశారు. ఇండ్లలోని పెన్‌డ్రైవ్‌లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకొచ్చి వరండాలో చూపించుకోవాలని. ఎవరూ కదల్లేదు. తమ కంప్యూటరుకు రోగమంటే తమ ఇంట్లో ఏదో చూడరానిది చూసినట్టే అనుకుంటారని భయం.

మల్లేష్ అయితే తలుపు దగ్గరే అడ్డం తిరిగాడు. "నా ల్యాప్‌టాప్‌కు ఏం రోగం లేదత్తమ్మా. పెండ్లిళ్ల గిరాకీ ఉన్నది, నేను పోవాలె."

ఎలీసబెతుకు మంథని వెంకటి మోచెయ్యి గుర్తొచ్చి నవ్వాగలేదు. దుప్పట్లో చుట్టి తెచ్చిన తన డబ్బాను వరండాలో బల్ల మీద పెట్టి, అందరికీ కనిపించేలా తెర తిప్పింది.

"ఇటు సూడుర్రి. ముందుగాల రోగం నా ఇంట్లనే బయటవడ్డది. పాట కలిపి పంపుర్రి అన్నది నేను, ఇల్లిల్లు తిప్పింది నేను. ఇగో, బాణాలు. మా అక్క పాటలు గీ బాణాల ఎనుక ఉన్నయ్. ఓంప్రకాశ్, కానియ్."

వెలిసిన ఫోల్డర్లు అందరి ముందూ తేలాయి. వెనక నుంచి ఒకామె, "అయ్యో, మా ఇంట్ల సుత గిట్లనే ఉన్నది, పిల్లలు పాడు చేసిన్రనుకొని కొట్టిన" అన్నది. ఇంకొకరు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. కాసేపట్లో వరండాలో వరస కట్టారు. చివరికి మల్లేష్ వచ్చి ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి పక్కకు చూస్తూ నిలబడ్డాడు. ఓంప్రకాశ్ తెరిచి, "అన్నా, గిది పుట్టినిల్లే" అన్నాడు. మల్లేష్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ సంక్రాంతి నుంచి కనిపించకుండా పోయిన అతని పెండ్లి పాటలన్నీ అందులోనే దొరికేసరికి, అందరికంటే ముందు నవ్వింది అతనే.

"పోలియో చుక్కలప్పుడు సుత నువ్వు గిట్లనే పారిపోయినవ్" అన్నది ఎలీసబెతు. "గడ్డివాము ఎనుక దొరకవట్టిన."

"అత్తమ్మా, గది సంఘం ముంగట చెప్పాల్నా?"

అందరివీ ఒక్కరోజే శుభ్రమయ్యాయి. ఎలీసబెతు తన పద్ధతిని మానలేదు, మార్చింది. ఇక మీదట పాట కలపాలంటే పెన్‌డ్రైవ్ పోదు, ఆమే ఆ ఇంటికి పోయి, వాళ్లు పాడుతుంటే రికార్డు చేసుకొస్తుంది. శుక్రవారాలు గడిచాయి. బాణాలు రాలేదు. ఒక ఆదివారం ఆరాధనలో మహిమ పాట స్పీకర్లో ఎత్తుకుంటే సంఘమంతా అందుకుంది. మొదటి వరసలో మహిమ ఒళ్లో చెయ్యేసుకొని తాళం వేసింది. పాట అయ్యాక చెల్లెలి చెవిలో, "సౌండు తక్కువ పెట్టినవ్" అన్నది.

ఈ సంగతి ఆదిలాబాద్ వైపు సంఘాలకు చేరింది. అక్కడా ఇదే బాధ. ఉట్నూరు నుంచి మొదలుపెట్టి అన్ని చోట్లా ఒకేసారి మందు వేయించాలని ఎలీసబెతు మార్చి మొదట్లో బయల్దేరింది. ఓంప్రకాశ్ వైరస్‌ను తీసే మందు ఎక్కించి ఇచ్చిన పెన్‌డ్రైవ్ తాడుకు కట్టి మెడలో వేసుకుంది. అక్కడి ముసలమ్మల పాటలు కూడా పట్టుకొస్తానని చెప్పింది. గుమ్మం దగ్గర మహిమ ఆమె చెయ్యి పట్టుకొని గుసగుసలాడింది.

"మట్టల ఆదివారం నా పాట ఉన్నది. పాట నాదే గని బటన్ ఒత్తేది నువ్వే."

ఈస్టరుకు ముందొచ్చే ఆ ఆదివారానికి ఒకరోజు ముందే ఎలీసబెతు మంచిర్యాలలో రైలెక్కి పెద్దపల్లిలో దిగుతుంది. 2026 మార్చి 28, శనివారం.