ఖాళీగా ఉంచమన్న సంచి

దయ్యాల విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చివర్లో చెబితే ఎవరూ నమ్మరు. దయ్యాలు లేవు. రాజమండ్రిలో ఎఫ్.ఏ. చదివే రోజుల్లో మా కాలేజీ సభలో ఈ సంగతి మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎదుటి పక్షం తరఫున మాట్లాడడానికి ఎవరూ రాలేదు, దయ్యాలతో సహా.

ఇప్పుడు రాస్తున్నది ఆ ఉపన్యాసానికి సవరణ అనుకోవద్దు. ఒక లంకలో, పట్టపగలు జరిగిన సంగతిని జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

అప్పట్లో నాది లంకలు కొలిచే ఉద్యోగం. ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన గోదావరి చీలిపోయి, మధ్యలో ఇసుకా ఒండ్రూ మేటవేసి లంకలు కడుతుంది. ఏటా వరదలో ఒక్కో లంకను ఒక పక్క కోసి ఇంకో పక్క అతికిస్తుంది. సర్కారువారు ఏటా మమ్మల్ని పంపి కొలిపిస్తారు. గోదావరి పని గోదావరిది, మా పని మాది. ఇద్దరిలో ఎవరూ విసిగేవాళ్ళు కారు.

కొలత అంతా ఏటికి కొత్తనీరు, అంటే తొలి వరద, రాకముందే అయిపోవాలి. ఆ ఏడు మమ్మల్ని పంపడమే ఆలస్యంగా పంపారు. అందుచేత లంకలో దిగిన దగ్గర్నుంచీ నాకు కుదురు లేదు. పొద్దున లేస్తూనే ఏటి రంగు చూడడం, కొలత గొలుసు పట్టే మనుషుల్ని తొందరపెట్టడం, మళ్ళీ ఏటి రంగు చూడడం.

దానికి తోడు నా ఇనపపెట్టె. డేరాలో కాపురం చేసినవారికి ఈ బాధ తెలుస్తుంది. పెట్టెలో మనకు ఏది కావాలో అది అడుగున ఉంటుంది. దాన్ని పైన పెట్టుకుంటే మర్నాడు దాని అవసరం ఉండదు. క్షవరం కత్తి కోసం పెట్టె మొత్తం బోర్లించి, సిరా బుడ్డి ఒలికించి, తీరా కత్తి దొరికేసరికి గడ్డం చేసుకునే వేళ దాటిపోయేది. నేల మీద పెడదామా అంటే చెదలు. మంచం మీద పెడదామా అంటే నేను.

దిబ్బ మీద వేసిన మా డేరాకు కేక దూరంలో, పల్లంలో, ఒక జాలరి పాక ఉండేది. పైడయ్య, అతని భార్య రాములమ్మ, ఇంకా బోర్లా పడడం కూడా రాని ఆడపిల్ల. వేసవి అంతా లంకలోనే ఉండి చేపలు పట్టుకుని, వరద ముందు గట్టుకు వెళ్ళిపోతారు. నేను పెట్టెతో కుస్తీ పడుతుండగా చూసి, రాములమ్మ ఒక మధ్యాహ్నం ఏదో చుట్టలా చంకన పెట్టుకుని వచ్చింది. విప్పి డేరా నడిమి వాసానికి తగిలించింది.

అది ఉట్టి. కాని నేను చూసిన ఉట్టిలాంటిది కాదు. వలతాడుతో అల్లి, తుమ్మచెక్క కషాయంలో ముంచి తీశారు. పేముకడియాలు బిగించి, ఒకదాని కింద ఒకటి అరలు. అన్నిటికీ అడుగున పొడుగాటి వల సంచి, దాని మూతికి లాగి కట్టే తాడు. ఎక్కడ నిలబడినా ఏ వస్తువు ఎక్కడుందో వల కన్నుల్లోంచి కనిపిస్తుంది. బయలుదేరాలంటే పైతాడు ఒక్కటి లాగితే చాలు, మొత్తం భుజాన పడుతుంది. ఖాళీ చేస్తే పళ్ళెంలా అణిగిపోతుంది. నేను కాలేజీలో చదివిన ఏ శాస్త్రమూ నాకు అంత పనికి రాలేదు.

బదులుగా ఏం కావాలంటే నా పాత గొడుగు అడిగి తీసుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"అడుగు సంచిలో మాత్రం ఏం ఎట్టకండి బాబుగారూ. కాళీగా ఉంచాలండి."

ఎందుకని అడిగాను. ఉంచాలంతేనండి అంది. అంత గట్టి వస్తువును ఇంట్లో పెట్టుకోకుండా ఎందుకిచ్చేస్తున్నావంటే, చోటు చాలడం లేదంది. వాళ్ళ పాకలో చోటు తప్ప ఇంకేమీ లేదు.

మా వంట బ్రాహ్మడు సూరన్నగారికి ఆ ఉట్టి గిట్టలేదు. చేపల వాసన అన్నాడు. దాని నీడ కూడా వంటపాత్రల మీద పడకుండా పొయ్యి మార్చుకున్నాడు. నేను మాత్రం సంబరంగా సర్దుకున్నాను. పై అరలో కొలతల కాగితాలు, దాని కింద బట్టలు, ఆ కింద కత్తీ అద్దమూ అగ్గిపెట్టే పొడుంకాయా. ఇక మిగిలినవి బూట్లు. మిగిలిన చోటు అడుగు సంచి. చోటు ఉండగా వాడకపోవడం సర్వే ఉద్యోగికి తగదు గనుక అందులో పెట్టాను.

మధ్యాహ్నం ఎండలో పని ముగించుకుని వచ్చేసరికి బూట్లు సంచిలో లేవు. కింద నేల మీద ఉన్నాయి. పడిపోయినట్టు లేవు. జతగా, మడమలు కలిపి, ముందు భాగం గుమ్మం వైపు ఉండేలా పెట్టి ఉన్నాయి.

సూరన్నగారిని అడిగాను. తోలుబూట్లు తాకుతానా అని ఆయన నొచ్చుకున్నాడు. నిజమే, తాకడు. మర్నాడు సంచిలో పంచెలు పెట్టాను. తిరిగి వచ్చేసరికి మంచం మీద మడతపెట్టి ఉన్నాయి. మా ఇంట్లో కూడా నా పంచెలు ఎప్పుడూ అంత బాగా మడతపడలేదు.

కోతి అనుకుందామంటే లంకలో కోతులు లేవు. గాలి అనుకున్నాను. గాలికి పంచెలు మడతపెట్టడం రాదు గాని, ఏదో ఒకటి అనుకోవాలి కదా. అందుకని సర్వే గొలుసు పెట్టాను. మోయడానికి ఒక మనిషి కావలసిన ఇనుము అది. భోజనం చేసి వచ్చేసరికి అది డేరా గుమ్మం పక్కన శుభ్రంగా చుట్ట చుట్టి ఉంది.

ఇక ఆ రోజు పని ఎగ్గొట్టి, బూట్లు మళ్ళీ సంచిలో పెట్టి, మంచం మీద కూర్చుని కాపలా కాశాను. ఎండ మండిపోతోంది. రెల్లు కూడా కదలడం లేదు. కాగితం మీద ఏదో రాస్తూ కలం సిరాలో ముంచడానికి తల తిప్పాను. తల ఎత్తేసరికి బూట్లు కింద ఉన్నాయి, గుమ్మం వైపు తిరిగి. బూటు పడితే చప్పుడవుతుంది. నాకు చప్పుడు వినిపించలేదు.

ఆ తర్వాత ఆ సంచిలో నేనేమీ పెట్టలేదు. భయమని కాదు. వాదనలో ఓడిపోయినప్పుడు మౌనంగా ఉండడం నాకు కాలేజీలోనే అలవాటు.

కాని కుదురు మరీ పోయింది. గొలుసు పట్టిస్తూ మాటిమాటికీ డేరా వైపు చూసేవాణ్ణి. రెండు కొలతలు తప్పు రాశాను. తిరిగి వచ్చినప్పుడల్లా ముందు సంచి చూసేవాణ్ణి, తర్వాత ఏరు. చివరి రోజుల్లో ఒక సాయంత్రం, గాలి ఆకు కదలనంతగా స్తంభించి ఉండగా, పై అరలన్నీ నిలకడగా ఉండి అడుగు సంచి ఒక్కటే మెల్లగా ఊగుతూ కనిపించింది. ఉయ్యాలలో పిల్లను పడుకోబెట్టి ఊపితే ఎలా ఊగుతుందో అలా. ఖాళీ సంచి.

సూరన్నగారు కూడా చూశాడు. పొయ్యి ఇంకొంచెం దూరం జరుపుకున్నాడు.

మర్నాడు పొద్దున ఏరు ఎర్రబడింది. పైన ఎక్కడో కొండల్లో వానలు కురిసి ఉంటాయి. మాకు మాత్రం ఆకాశంలో మబ్బుతునక లేదు. కొత్తనీరు వస్తే రెండు మూడు రోజులు మెల్లమెల్లగా పెరుగుతుంది, ఈలోగా కబురు వస్తుంది, అదీ అందరికీ ఉన్న ధైర్యం. ఆ ధైర్యంతోనే పైడయ్య తన దోనె వేసుకుని ఆవలి ఒడ్డు సంతకు చేపలు తీసుకువెళ్ళాడు. నేను మనుషుల్ని తీసుకుని లంక ఎగువ కొసకు వెళ్ళాను. సూరన్నగారు మా పడవ దగ్గర గిన్నెలు తోముకుంటున్నాడు. ఆయనకు కాస్త అవతల రాములమ్మ, గుంజలకు ఆరేసిన వలలు తీస్తోంది. పిల్ల పాకలో ఉయ్యాలలో నిద్రపోతోంది.

మేము గొలుసు చివర పాతిన మేకు దగ్గరికి తిరిగి వచ్చేసరికి మేకు నీళ్ళలో ఉంది. గోదావరి ఎదురుగా రాలేదు. వెనక పాయలోంచి తిరిగి, పల్లం మీదుగా లంకను అడ్డంగా కోసుకుంటూ వచ్చింది. మేము పరుగెత్తి పడవ చేరేసరికి మాకూ పాకకూ మధ్య ఏరు పారుతోంది.

రాములమ్మ అప్పటికే ఒకసారి ఈదుకుంటూ పాకకు వెళ్ళి వచ్చింది. ఉయ్యాల ఖాళీగా ఉందట. సూరన్నగారు ఎత్తుకొచ్చి ఉంటాడనుకుని పడవకు వచ్చింది. సూరన్నగారు పిల్ల ఆవిడ దగ్గరే ఉందనుకుంటున్నాడు. మేము ఇద్దరిలో ఎవరి దగ్గరో ఉందనుకున్నాం. పడవలో అందరమూ ఒకరి చేతుల్లోకి ఒకరం చూసుకున్నాం. అన్నీ ఖాళీ చేతులే.

ఆవిడ మళ్ళీ దూకబోతే మా మనుషులు పట్టుకున్నారు. ఆవిడ ఏడవలేదు. పాక వైపు పొండి, పాక వైపు పొండి అని మాత్రం అంటూ ఉంది. గెడలు వేసి పడవను అటు తోశాం. పాక కప్పు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఉయ్యాల గుడ్డ నీళ్ళ మీద తేలుతూ కనిపించింది. ఒక మనిషి దాన్ని గెడతో ఎత్తి చూసి, ఆవిడకు కనబడకుండా వెనక్కి వదిలేశాడు.

అక్కడ చుట్టూ తిరిగాం. తర్వాత సుడి మా పడవను తిప్పి డేరా దిబ్బ వైపు తోసింది. మేము వెళ్ళలేదు, అదే తోసింది. డేరా గుడ్డ కూలిపోయింది. రెండు గుంజలూ నడిమి వాసమూ మాత్రం నిలబడి ఉన్నాయి. వాసానికి ఉట్టి వేలాడుతోంది. అడుగు సంచి బరువుగా కిందికి దిగి ఉంది. దానికీ నీటికీ మధ్య జానెడు ఖాళీ.

పిల్ల నిద్రపోతోంది. పొడిగా ఉంది. నా జరీ ఉత్తరీయం చుట్టి ఉంది. నుదుటి మీద ఒక చీమ పాకుతోంది, అంతకు మించి ఆ పిల్లకు జరిగిన ఇబ్బంది ఏమీ లేదు.

పై అరలన్నీ ఖాళీ. బరువు తగ్గించడానికి తీసేసినట్టు నా సామాను అంతా మంచం మీద పేర్చి ఉంది. చూస్తుండగానే ఆ మంచం మమ్మల్ని దాటుకుని, ఆ వేసవి మొత్తం పట్టిన కొలతలతో సహా సముద్రం వైపు వెళ్ళిపోయింది. నేను ఆపమనలేదు.

సంచి మూతి తాడు ముడివేసి ఉంది. ఆ ముడి విప్పడం మా ఎవరి చేతా కాలేదు. చాకుతో తాడు కోసి పిల్లను తీసి, ఉట్టినీ పడవలో వేసుకున్నాం. గట్టు చేరాక, పిల్లకు పాలిస్తూనే రాములమ్మ ఆ తెగిన తాడును తిప్పి తిప్పి చూసింది.

"ఇది నేనేసే ముడి కాదండి. ఇది ఎడం చేతి ముడండి."

నేను చదువుకున్నవాణ్ణి గనుక పరీక్ష పెట్టాను. సూరన్నగారితో సహా పడవలో ఉన్నవాళ్ళందరి చేతా గట్టు మీదే ముడులు వేయించాను. నేనూ వేశాను. అందరివీ కుడిచేతి ముడులే.

సాయంత్రానికి పైడయ్య గట్టు వెంట పరుగెత్తుకుంటూ వచ్చాడు. పిల్లను చూశాడు, ఒళ్ళంతా తడిమాడు. తర్వాత రాములమ్మ తాడు చేతికిచ్చింది. ముడిని బొటనవేలితో తడిమి చూశాడు. తాడు వదలకుండానే నా వైపు తిరిగాడు.

"ఆ సంచిలో ఎండుచేపలు ఎట్టింది నేనేనండి బాబుగారూ."

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. రాములమ్మకు ముందు అతనికి మంగమ్మ అని ఒక భార్య. ఎడంచేతి వాటం మనిషి. ఉట్టి అల్లింది ఆమె. లంకలో కాపురం చేసే జాలరివాళ్ళు ఉట్టి అడుగు సంచి ఖాళీగా ఉంచుతారు. ఏరు పొంగితే చంటిపిల్లను అందులో వేసి, పైతాడు లాగి భుజాన వేసుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని దోనె ఎక్కడానికి. మంగమ్మ పోయిన ఏడు చేపలు ఎక్కువ పడ్డాయి. చోటు ఖాళీగా ఉంది కదా అని పైడయ్య సంచి నింపాడు. ఏరు వచ్చినప్పుడు మంగమ్మ దాన్ని ఖాళీ చేస్తూ ఉండిపోయింది. చంకలో తన చంటిపిల్ల. ఇద్దరూ దొరకలేదు. ఉట్టి మాత్రం రెల్లుకు చుట్టుకుని దొరికింది.

రాములమ్మకు మంగమ్మ పోయిన సంగతి తెలుసు, చేపల సంగతి తెలియదు. మొదటి ఆవిడ వస్తువు ఇంట్లో ఉంటే నిద్ర పట్టడం లేదని నాకిచ్చేసింది.

మా పై అధికారికి రాసిన సంజాయిషీలో కొలతలు వరదలో పోయాయని రాశాను. అందులో అబద్ధం లేదు. ఆయన మందలించి, మరుసటి ఏడు మళ్ళీ కొలవమన్నాడు. అప్పటికి ఆ లంకలో సగం లేదు.

రాములమ్మ ఉట్టి వెనక్కి అడిగి తీసుకుంది. పైడయ్య సంతకు పట్టుకెళ్ళడంతో మిగిలిన గొడుగును నిజాయితీగా తిరిగి ఇచ్చింది. తర్వాత అదే తీరులో నాకొకటి అల్లి పంపింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అది నాతో తిరిగింది.

ఆ పిల్లను ఎవరు మోశారు? నేను ఎన్నో విధాల ఆలోచించాను. పాక నుంచి డేరాకు దారి నడుములోతు నీళ్ళు. ఆ వేళ మాలో ఎవరు ఎక్కడున్నారో మాకు తెలుసు. లంకలో ఇంకో మనిషి లేడు. నా ఉపన్యాసంలో వాదించిన అంశాలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ చదివి చూసుకున్నాను. తప్పేమీ కనిపించలేదు. ఉపయోగమూ కనిపించలేదు.

కొత్త ఉట్టి వచ్చిన ఏడు, తణుకు దగ్గర కాలువగట్టు మీద డేరా వేసినప్పుడు, ఎవరూ లేకుండా చూసి బూట్లు అడుగు సంచిలో పెట్టి బయటికి వెళ్ళాను. చాలాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చాను. బూట్లు సంచిలోనే ఉన్నాయి.

కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. తర్వాత నేనే తీసి కింద పెట్టాను, జతగా, మడమలు కలిపి, ముందు భాగం గుమ్మం వైపు.