కొత్త రేకు మీద పాత సొట్ట

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. చిత్తూరులో హైస్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పినదాన్ని. స్టాఫ్‌రూములో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే పేపర్లు దిద్దుకునే నెపంతో లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నేను రాస్తున్నది కూడా దయ్యం కథ కాదు. చదివాక ఎవరైనా మా అమ్మను దయ్యం అంటే మాత్రం ఊరుకోను, ముందే చెబుతున్నాను.

జరిగింది మా నాయన కారుకు.

మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాయనకు మామిడి తోటలుండేవి, సీజన్‌లో కాయల వ్యాపారం చేసేవాడు. నా చిన్నప్పుడు ఒక అంబాసిడర్ కొన్నాడు. పావురాయి రంగు. ఇంటికి ఏటేటా సున్నం వేయించేవాడు గానీ ఆ కారుకు మాత్రం కొత్త రంగు పడనిచ్చేవాడు కాదు. కంపెనీ రంగు అని గొప్ప. తలుపుల అంచులు తుప్పు పట్టాయి, సీట్లు చిరిగాయి, అయినా ఏదీ మార్చలేదు. ఆయుధపూజ నాడు పసుపు కుంకుమ కూడా అద్దం మీదే పెట్టాలి, రేకు మీద చెయ్యి పడకూడదు. ఆ కారును చూసుకున్నంత పదిలంగా మమ్మల్ని చూసుకోలేదని నేనూ తమ్ముడూ ఇప్పటికీ అనుకుంటాం.

అంత పదిలమైన కారుకు ఒకే ఒక్క సొట్ట ఉండేది. ఎడమవైపు వెనక మడ్గార్డు మీద, బంపరుకు కొంచెం పైన, అరచెయ్యంత. కింది అంచున గోటితో గీరినట్టు సన్నటి మడత. అక్కడ రంగు పెచ్చులూడిపోయి రేకు నల్లబడింది.

ఆ సొట్ట మా అమ్మ వల్ల పడిందని ఊరంతా అనుకునేది. నేనూ అలాగే అనుకున్నాను.

అమ్మకు కారు నేర్పింది నాయనే. ఆ రోజుల్లో మా పల్లెలో సైకిలు తొక్కే ఆడవాళ్లు కూడా లేరు. తోటలో కాయలు లేని నెలల్లో, చెట్ల మధ్య బండిబాటలో నేర్పించాడు. వెనక సీట్లో కూర్చుని నేను చూశాను. నాయన గేరు మారిస్తే కీచుమనేది, అమ్మ మారిస్తే చప్పుడే వచ్చేది కాదు. కొంగు నడుముకు దోపుకుని స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న సంతోషం తర్వాత నేను మళ్లీ చూడలేదు. ఇది పెద్దయ్యాక కల్పించుకున్న మాట కాదు, నాకు బాగా గుర్తుంది.

ఒకరోజు తోట గేటు దగ్గర కారు వెనక్కి తీస్తూ రాతి స్తంభానికి తగిలించింది. నేను బడిలో ఉన్నాను. కాయలు కోసే కూలోళ్లు చెప్పుకోగా విన్నాను. నాయన అందరి ముందరా అరిచాడట.

"దిగు కిందికి. ఆడదాని చేతికి బండి ఇచ్చినందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాల."

అమ్మ దిగింది. తాళంచెవి బానెట్ మీద పెట్టి ఇంటికి నడిచి వచ్చేసింది. నేను బడి నుంచి వచ్చేసరికి పొయ్యి దగ్గర రాగిసంగటి కెలుకుతూ ఉంది. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా ఆమె స్టీరింగ్ ముట్టుకోలేదు. ముందు సీట్లో కూడా కూర్చోలేదు. ఎప్పుడూ వెనకే, ఎడమ పక్కన.

నాయన సొట్ట తీయించలేదు. తీయిస్తే రంగు వేయించాలి కదా. పైగా అది ఆయనకు నలుగురిలో చెప్పుకునే తమాషా అయింది. ఎవరైనా అడగడమే ఆలస్యం, "అదా? మా ఇంటామె డ్రైవింగ్ లైసెన్సు!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. అమ్మ కూడా నవ్వేది.

కాలేజీ రోజుల్లో ఒకసారి అదే మాట అని నేనూ ఆమెను ఏడిపించాను. ఆమె చింతకాయలు ఒలుస్తూ, "నేను సక్కగానే వచ్చినాను లే పాపా" అంది. నేను దాన్నీ తమాషా కిందే తీసుకున్నాను. ఆ మాట దగ్గర కాసేపు ఆగి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనిపిస్తుంది.

తొంభైల మధ్యలో అమ్మ గుండెజబ్బుతో పోయింది. ఆ తర్వాత నాయన ఆ తమాషా మానేశాడు. ఎవరైనా సొట్ట గురించి అడిగితే విననట్టు ఉండేవాడు. కొన్నాళ్లకు కారు తోలుకుని చిత్తూరులో మా ఇంటికి వచ్చాడు. నీళ్లు కూడా తాగకముందే, "ఆ సొట్ట తీయించేయాల" అన్నాడు. మిగతా కారు ఎలా ఉన్నా పర్వాలేదు, అదొక్కటి పోవాలి. ఎందుకని నేను అడగలేదు. పెద్దాయనకు చూస్తే బాధగా ఉందేమో అనుకున్నాను.

మా వీధి చివర సెల్వం మేస్త్రి టింకరింగ్ షెడ్డు ఉండేది. వేలూరు వైపు మనిషి. పనిమంతుడే గానీ నోరు ఊరుకోదు, నాతో ప్రతిదానికీ వాదన. చక్రం విప్పి, లోపలి మట్టి గీకి, సొట్టకు బయటివైపు ఇనుప దిమ్మ ఆనించి లోపలి నుంచి సుత్తితో మెల్లమెల్లగా కొట్టాడు. సొట్ట పైకి లేచింది. కొంచెం లప్పం పట్టి, ఆ ఒక్క చోట రంగు కలిపి వేశాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి పంపాడు. నాయన ఆ చోట చెయ్యి పెట్టి నిమిరి చూసుకుని, కారెక్కి వెళ్లిపోయాడు. అమ్మ పోయాక ఆయన అంత తేలిగ్గా కనిపించడం అదే మొదటిసారి.

కొన్నాళ్లకు ఊరి నుంచి నాయన ఫోను. "సొట్ట మళ్లా వచ్చేసింది పాపా."

నాయన కారు తెచ్చాడు. అదే చోటు, అరచెయ్యంత, కింద అదే సన్నటి మడత. నేను మేస్త్రిని నాలుగు మాటలు అన్నాను. అతను వెనక్కి తగ్గలేదు. పాత రేకు సాగిపోయి ఉంటుందని, డబ్బా మూత నొక్కితే టక్కుమని లోపలికి పోయినట్టు పోయిందని అన్నాడు. అది నిజమే, నేనూ పిల్లలకు చెప్పే పాఠమే. ఈసారి రేకును గ్యాస్ మంటతో వేడి చేసి, తడిగుడ్డ అద్ది బిగుసుకునేలా చేశాడు. నొక్కి చూస్తే రాయిలా ఉంది. మళ్లీ రంగు, మళ్లీ నిమ్మకాయలు.

మళ్లీ సొట్ట వచ్చింది.

అప్పుడు నాకు నాయన మీదే అనుమానం వచ్చింది. ముసలితనం, దిగులు, మనిషి తనకు తెలియకుండానే ఏదైనా చేస్తాడేమో అనుకున్నాను. ఉండబట్టలేక అడిగేశాను కూడా. ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి. "పోగొట్టుకోవాలని నేను ఇంతగా తిరగతా ఉంటే, నేనే చేసుకుంటానా?" అన్నాడు. ఆ మాట అడిగి ఉండాల్సింది కాదు.

మూడోసారి మేస్త్రికి పంతం వచ్చింది. ఆ ముక్కనే కోసి తీసేశాడు. కొత్త రేకు కత్తిరించి, వంపు తిప్పి, వెల్డింగ్ చేసి, అంచులు అరగదీసి రంగు వేశాడు. కోసిన పాత ముక్కను నేనే ఇంటికి తెచ్చుకుని బీరువా పైన పెట్టాను. కారును కూడా ఊరికి పంపలేదు. మా ఇంటి కాంపౌండులో గోడకు దూరంగా పెట్టించి, టార్పాలిన్ కప్పి, గేటుకు తాళం వేశాను. కారు తాళం, గేటు తాళం రెండూ నా దగ్గరే. నాయన మా పల్లెలో ఉన్నాడు. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, పశువులు లేవు. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, చదివేవాళ్లకు వచ్చే అనుమానాలన్నీ నాకు ముందే వచ్చాయి.

ఒక ఆదివారం పొద్దున, మంచి ఎండలో, టార్పాలిన్ తీశాను. కొత్త రేకు మీద సొట్ట ఉంది.

నేను భయపడలేదు. కోపం వచ్చింది. ఎవరో నన్ను వెర్రిదాన్ని చేస్తున్నట్టు అనిపించింది. బీరువా పైనుంచి పాత ముక్క తెచ్చాను. పల్చటి కాయితం పెట్టి దాని మీది మడతను పెన్సిల్‌తో దించుకుని, ఆ కాయితాన్ని కారు మీద పెట్టాను. గీత మీద గీత కూర్చుంది.

మేస్త్రిని పిలిపించాను. ఎప్పుడూ వాదించే మనిషి ఆ పొద్దు సొట్ట ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వేలు తడి చేసుకుని సొట్ట మీద రుద్దాడు. ఎండ వాలుగా పడేలా తల వంచి చూశాడు.

"రంగు సూడండి టీచరమ్మా. ఒక్క పగులు లేదు. ఇంత లోతు సొట్ట పడాలంటే రంగు పెచ్చులు లేసిపోవాల. దీనికి దెబ్బ తగల్లేదు. రేకు పుట్టేటప్పుడే ఇట్ల పుట్టినట్టు ఉండాది."

నేనూ చూశాను. అతను చెప్పింది నిజం.

నాయనకు కబురు పెట్టాం. మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. అప్పటికి కారును షెడ్డుకు తోలించాం. అక్కడ పనివాళ్లు వేరే బండ్లకు సుత్తులతో కొడుతున్నారు, ఒకటే చప్పుడు. నాయన సొట్టను చూసి పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. మేస్త్రి పనివాళ్లను ఆపమని చెయ్యి ఊపి, ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"సామీ, నాకు తెలిసిన పనంతా చేసేసినాను. ఇంక నేను దీని మీద చెయ్యి పెట్టను. ఒక్కటి చెప్పండి. మొదట్లో ఇది ఎట్ల పడింది?"

మా ఇంటామె లైసెన్సు అంటాడనుకున్నాను. నాయన నేల వైపు చూస్తూ చెప్పాడు.

"ఆమె కొట్టలేదప్పా. నేనే కొట్టించినాను. ఆ పొద్దు బండి ఎనక నిలబడుకోని రానీ రానీ అంటా ఉండింది నేను. కాయల యాపారి ఎవురో పిలిస్తే అటు తిరుక్కున్నాను. తల తిరిగింది గానీ నోరు ఆగలే. రానీ రానీ అంటానే ఉండాను. ఆమె నా మాట నమ్మి వచ్చింది. తగిలినాక, అందురి ముందరా ఆమెనే తిట్టినాను."

సీజన్‌లో తోటకు వచ్చే లారీలన్నింటికీ వెనక నిలబడి రేకు మీద చరుస్తూ రానీ రానీ అనేది మా నాయనే. చూడకపోయినా ఆ మాట ఆయన నోట్లో దానంతట అదే ఆడేది. అద్దంలో చూసుకోవడం కంటే వెనక నిలబడ్డ మనిషి గొంతునే నమ్మడం మా వైపు అందరికీ అలవాటు. అమ్మ నమ్మింది. ఆ రోజు అక్కడున్న కూలోళ్లు చూసే ఉంటారు. యజమాని తప్పని ఎవరంటారు?

నేను సక్కగానే వచ్చినాను లే పాపా అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. షెడ్డులో అందరూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను.

కాసేపటికి, "అమ్మ ఉన్నప్పుడే ఒక్కసారి చెప్పి ఉండొచ్చు కదా నాయనా" అన్నాను.

"ఆమె అడగతాదేమో అని సూస్తా వచ్చినాను పాపా. నువ్వే కదా రమ్మన్నావు అని ఒక్క మాట అంటే చాలు, ఒప్పేసుకుందామనుకున్నాను. ఆమె అడగనే లేదు. నేను చెప్పనే లేదు."

సొట్టను అలాగే ఉంచమన్నాడు. ఆ రోజు కారు తోలడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. మేస్త్రి తోలితే, నాయన వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చుని వెళ్లాడు. బతికినన్నాళ్లూ ఆ కారులో అక్కడే కూర్చున్నాడు. ఎవరు అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. పెళ్లిళ్లలో, చావు ఇళ్లలో, కొత్తవాళ్ల ముందర కూడా చెప్పేవాడు. వినవలసిన మనిషి మాత్రం లేదు. ఆ బాధతోనే పోయాడు. దాన్ని తగ్గించడం నా చేత కాలేదు.

ఇప్పుడు కారు నా దగ్గర ఉంది. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. వెనక్కి తీసేటప్పుడు ఎవరైనా నిలబడి రానీ రానీ అంటే ఆపేసి, దిగి, నా కళ్లతో చూసుకుని మళ్లీ ఎక్కుతాను. నా చాదస్తం చూసి వీధిలో నవ్వుతారు.

సొట్ట అలాగే ఉంది. అంతకు మించి పెరగలేదు, తగ్గలేదు. దాని మీది రంగు ఈ రోజుకీ పగల్లేదు. సాగిన రేకు తిరిగి పాత ఆకారానికి పోతుందని నేను పాఠం చెప్పగలను. కానీ ఆ స్తంభం మొహమే చూడని రేకుకు ఆ సొట్ట ఎక్కడి నుంచి వచ్చింది? పాత ముక్క మీది మడత దాని మీదికి ఎలా వచ్చింది? ఇన్నేళ్లయినా నాకు జవాబు దొరకలేదు. తెలిసినవాళ్లు చెబితే వింటాను.

పాత కారని ముచ్చటపడి చూసేవాళ్లు చుట్టూ తిరిగి తిరిగి ఆ మడ్గార్డు దగ్గర ఆగుతారు. ఇదేంటి మేడం, ఇదొక్కటీ తీయించలేదా అని అడుగుతారు.

మా అమ్మ కారు చాలా బాగా నడిపేది అని చెబుతాను.