యాదమ్మ వేషం కట్టింది నేనే

మా చిన్నప్పుడు... పుప్పాలగూడలో వినాయకుడి పందిరి పక్కన వేసిన స్టేజీ మీద వరసగా అయిదు సాయంత్రాలు నేను మొగుణ్ణి చంపాను. నాకప్పుడు పన్నెండేళ్ళు.

కల్లు ముంతలో విషం కలపడం, ముంత అందిస్తూ పాడటం, అతను పడిపోయాక కొప్పు సర్దుకోవడం... ఇదీ నా వేషం. "ముంత నింపె మగనికి... మూట గట్టె కాటికి" అని నేను ఎత్తుకుంటే జనం చప్పట్లతో అందుకునేవారు.

కథ మా ఊరిదే. మొగుడికి విషం పెట్టిందని యాదమ్మ అనే ఆమెను పోలీసులు పట్టుకుపోయారు. ఏడాది జైల్లో ఉంది. అతను గుండె ఆగి పోయాడని కోర్టు తేల్చి ఆమెను వదిలేసింది. అప్పటికే మా తెలుగు సారు పాటల నాటకం రాసేశాడు. విడుదల కూడా చూపిస్తే కథ చప్పబడుతుందని ఆ ముక్క వదిలేశాడు. పేరు మార్చాడు గానీ ఎవరి కథో అందరికీ తెలుసు.

యాదమ్మ కూతురు సుజాత మా క్లాసే. ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. సారు నన్ను పిలిచి, "యాదమ్మ ఎట్ల నడుస్తదో, ఎట్ల మాట్లాడుతదో జర చూసి నేర్చుకో" అన్నాడు. మర్నాడు వెళ్ళి సుజాత పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల తన సంచి, పుస్తకాలు అన్నీ ఒక పక్కకి జరుపుకుని నాకు బెంచీలో సగం కంటే ఎక్కువ చోటిచ్చింది...

వారం తిరక్కుండా వాళ్ళింటికి తీసుకెళ్ళింది. యాదమ్మ గడప దగ్గర కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. "ఎన్నొద్దులకు మా ఇంటికి ఒక పిల్ల వచ్చింది" అని నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

ఇక రోజూ వెళ్ళేదాన్ని. ఆమె కుడికాలు కాస్త ఈడుస్తూ నడిచేది. మాట్లాడబోయే ముందు కొంగుతో మూతి తుడుచుకునేది. అవన్నీ ఇంటికొచ్చి అద్దం ముందు చేసి చూసుకునేదాన్ని.

ఒకరోజు తనంతట తనే చెప్పింది. "మీ కాక, అదే మా ఇంటాయన, పడ్డంక నేను యాడికి ఉరకలె బిడ్డా. తల ఒళ్ళె పెట్టుకొని నీళ్ళు తాపిన. తాగలె... అన్ని బయటికే కారినయ్. గీ మాట కోర్టుల చెప్పనీకి కూడ నాకు నోరు రాలె."

నేను వెళ్ళి సారుకి చెప్పాను.

సారు నాటకం కాగితాలు ముందుకు లాక్కున్నాడు. "మంచిగుంది. విషం తాపినంక నీళ్ళు కూడ తాపుతది. నవ్వుకుంట తాపాలె."

మొదటి సాయంత్రం నేను కాలు ఈడుస్తూ రాగానే జనమంతా "యాదమ్మ... యాదమ్మ" అని గోల. నవ్వుతూ నీళ్ళు తాపినప్పుడు ఈలలు. ఆడవాళ్ళ వరసలో సుజాత కూర్చుని ఉంది. నా నాటకం చూడమని నేనే రమ్మన్నాను. అది ఏ నాటకమో చెప్పలేదు.

చివరిదాకా చూసింది. మర్నాడు బడిలో వేరే బెంచీకి వెళ్ళిపోయింది.

ఆ రోజు బాధపడ్డానని రాయాలని ఉంది... కానీ పడలేదు. మిగిలిన నాలుగు సాయంత్రాలూ ఇంకా బాగా నవ్వాను. కిరాణా కొట్టాయన ఊరికే చాక్లెట్లు ఇచ్చేవాడు. దారిలో వెళ్తుంటే ముసలివాళ్ళు కూడా ఆపి ఆ పాట పాడించుకునేవారు.

ఆ నాటకాన్ని ఎవరో చూసి చెబితే సినిమావాళ్ళు వచ్చారు. కథ, పాటలు తీసుకున్నారు. వేషం పేరున్న హీరోయిన్‌కి పోయింది. ఆ నడక ఆమెకు నేర్పమని నన్ను పిలిచారు. ఒక పూటంతా కూర్చుని, లేచి, నడిచి చూపించాను... నేర్పాను.

సినిమా ఆడింది. ఊరంతా లారీల్లో లింగంపల్లి వెళ్ళి చూసొచ్చాం. అప్పటికే యాదమ్మ ఇంటికి తాళం పడి ఉంది. ఎటు వెళ్ళారని నేను ఎవరినీ అడగలేదు.

పోయిన నెల, ఆఫీసు నుంచి వస్తుంటే లింగంపల్లి స్టేషన్లో సుజాత కనిపించింది. ఆమే ముందు గుర్తుపట్టింది.

"మంచిగున్నవా రమా?"

"బాగున్నా. అమ్మ..."

"పోయి నాలుగేండ్లయితుంది."

"అప్పుడు స్టేజీ మీద నేను..." అన్నాను.

"నువ్వు చిన్నపిల్లవు. సారు చెప్పింది చేసినవ్. అది నేనెప్పుడో మర్చిపోయిన" అంది. "సినిమానే మమ్మల్ని బతకనియ్యలె. టీవీల వచ్చినప్పుడల్ల కిరాయి ఇల్లు మారినం. అమ్మ నడక చూసి ఓనరోళ్ళు గుర్తుపట్టేటోళ్ళు. ఆఖరికి బయటికి వచ్చుడే బంద్ చేసింది. కాలు దాచుకొని కూసుండేది."

రైలు వస్తోందని మైకులో చెబుతున్నారు. సంచి భుజానికి తగిలించుకుంటూ అంది. "ఆ హీరోయిన్ అచ్చం అమ్మ లెక్కనే నడిచింది. ఆమె అమ్మను ఎన్నడు చూడలె. ఎవరు నేర్పిండ్రో ఏమో."

నేను చెప్పలేదు. ఆమె రైలెక్కి, కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది...

మా పందిరి వేసిన చోట ఇప్పుడు ముప్పై అంతస్తుల టవర్లు. అప్పటి మనుషులు ఎంత మంచివాళ్ళో, ఫోన్లు వచ్చాకే అందరం పాడైపోయామని ఈ గ్రూపులో చాలామంది రాస్తుంటారు. నేనూ ఆ పోస్టులకి లైకులు కొట్టినదాన్నే... ఇక కొట్టలేను.

మీ ఊళ్ళో కూడా ఇలా ఎవరి మీదైనా పాట కట్టి ఆడి ఉంటే, పాట వద్దు, పేరు వద్దు... మీ ఇంటికి వస్తే, మీరు వాళ్ళింటికి వెళ్తే, ఆ మనిషి ఎట్లా పలకరించేదో రాయండి.