టైరు పక్కన చిల్లు

గుచ్చుకున్న ముల్లు చేతికి చిక్కందే గాలిమామ ట్యూబుకు ప్యాచ్ వేసేవాడు కాదు. ముప్పై ఏళ్ల పంక్చర్ కొట్టులో అదే ఆయన పట్టు. ఎవరైనా తొందరపెడితే కసురుకునేవాడు.

డిస్కులు విసిరి బుట్టలో వేసే డిస్క్ గోల్ఫ్ అంటే ఊరి బడి మాస్టారికి పిచ్చి. ఆ డిస్కులు మోసే రెండు చక్రాల బండిని ఈ వారంలో మూడోసారి ఈడ్చుకొచ్చాడు. మామ టైరు లోపలంతా వేలితో తడిమాడు. ముల్లు లేదు, మేకు లేదు. చిల్లు మాత్రం ఈసారి కూడా నేలకు తగలని టైరు పక్క గోడకే ఉంది, దబ్బనంతో పొడిచినట్టు గుండ్రంగా.

"ఎక్కడ పోతోంది మాస్టారూ గాలి?"

"ఎప్పుడూ ఆట దారిలో ఆ లోతు క్వారీ గుంట అంచునే, మామా. మిగతావాళ్లు ముందుకెళ్లిపోతారు. మా బావ ఒక్కడే నాకోసం ఆగుతాడు, పాపం."

మామ ఆ గుండ్రటి చిల్లును మళ్లీ చూసి తలెత్తాడు. రోడ్డు మీద నిలబడ్డ ఆ బావ వీళ్లనే చూస్తున్నాడు. మామ చప్పున ట్యూబులో గాలి ఆపే వాల్వు పిన్ను పీకి గుప్పిట్లో దాచేశాడు.

"ఇవాళ ఇది అవదు. ఆట మానేసి ఇంటికెళ్లండి," అన్నాడు గట్టిగా.

బావ నవ్వుతూ వచ్చి మాస్టారి భుజం మీద చెయ్యేశాడు.

"బండి లేకపోతేనేం, పద బావా. నాలుగు డిస్కులు చేత్తో పట్టుకుపోదాం."