వ్యాను అడిగితే ఇవ్వని పెద్దమ్మ

పోయిన గురువారం పొద్దున నేను మేడ్చల్ బస్టాండులో దిగేసరికి మా ట్రస్టు వ్యాను డ్రైవరు ఎదురొచ్చాడు. "అమ్మ పోయింది మేడమ్. చాయ్ తాగి మళ్ల మంచంల ఒరిగింది. గంతే" అన్నాడు. పదేళ్లుగా రోజూ తీసే ట్రస్టు తలుపులు ఆ రోజు తీయాలో వద్దో నాకు తోచలేదు.

ఆమెను ఎరగనివాళ్లకు చెప్పాలి. మా ప్రాంతానికి ఎమ్మెల్యేగా చేసి, 1990ల్లో కన్నుమూసిన పెద్దాయన భార్య ఆమె. ఆయన పోయాక అనుచరులు చౌరస్తాలో విగ్రహం పెడదామన్నారు. "ఎండకు వానకు ఆయన్నెందుకు నిలబెడ్తరు? బతికినన్ని దినాలు నిలబడే ఉండె" అందట. ఇంటి ముందుగది ఖాళీ చేయించి, ఆయన పేరున ట్రస్టు పెట్టింది. అర్జీలు రాసిపెట్టడం, రోగులను నగరంలో ఆసుపత్రికి చేర్చడం, ఇవే పనులు. పదేళ్ల కింద, డిగ్రీ అయ్యి ఇంట్లో ఉన్న నన్ను అర్జీలు రాయడానికి పిలిచింది.

మొదటి రోజే శామీర్‌పేట నుంచి వచ్చిన ఒక ముసలాయన్ని గుమ్మంలోనే ఏం కావాలని అడిగాను. ఆయన వెళ్లాక నెమ్మదిగా చెప్పింది: "మా ఆయన ఎన్నడు మనిషి కూసోకముందు సంగతి అడగలే బిడ్డా. ముందుగాల మంచినీళ్లియ్యి." ఆమెకు చదువు రాదు. నేను రాసిన ప్రతి అర్జీ చదివించుకునేది. "తమరు, దయచేసి అని మస్తు రాసినవ్. గా అవ్వకు మోకాళ్లు పనిజేస్తలేవని యాడ రాసినవ్?" అనేది. మళ్లీ రాసేదాన్ని.

ఒక ఎన్నికలప్పుడు ఆమె మరిది కొడుకు పోటీకి దిగాడు. ఆమె చేతుల్లో పెరిగినవాడు. ప్రచారానికి వ్యాను అడిగాడు.

"పెదనాయిన పేరున్న బండి పెద్దమ్మా. ఊరూరు తిరిగితే సాలు, గెలుస్త."

"నువ్వు గెలవాలెననే నాకూ ఉంది. నా ఓటు నీకే. గని ఆ బండి పానం బాగలేనోళ్లది."

అతను లేచి వెళ్లిపోయాడు. ఓడిపోయాడు కూడా. పెద్దమ్మే ఓడగొట్టిందని చుట్టాలంతా అన్నారు. అతని చెల్లెలి పెళ్లికి ఆమెను పిలవలేదు. పెళ్లి రోజు పొద్దున ఆమె పట్టుచీర కట్టుకొని వచ్చి నా పక్కన కూర్చుంది. "నేను తప్పు జేసిన్నా?" అని అడిగింది. నేను లేచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

రెండేళ్లకు అతనే వచ్చాడు. గండిమైసమ్మ దగ్గర లారీ గుద్ది కాలు విరిగిన కూలీని ఆటోలో తెచ్చాడు. అంగీ నిండా నెత్తురు. "వ్యాను ఉన్నదా పెద్దమ్మా?" అన్నాడు. "ఉంది" అని డ్రైవర్ని కేకేసింది. కూలీతోపాటు అతనూ ఎక్కి వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి అరుగు మీద కూలబడితే, తిన్నావా అని కూడా అడగకుండా కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. ఎన్నికల మాట ఇద్దరూ ఎత్తలేదు. ఆమెకు కొరివి పెట్టిందీ అతనే.

నిన్న సోమవారం తలుపులు తీశాను. కండ్లకోయ నుంచి ఒక అవ్వ అప్పటికే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమెకు కబురు అందినట్టు లేదు.

"అమ్మ లేసిందా బిడ్డా?" అంది.

లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, నీళ్లిచ్చాను. ఆమె తాగి, కొంగు ముడి విప్పి, చెమటకు మెత్తబడ్డ కాగితం ఒకటి తీసి, మడతలు ఒక్కొక్కటే విప్పసాగింది.