చెరకు తోటలో మంగళవారాలు

మరీ అంత పాత సంగతేమీ కాదు, నాలుగైదేళ్ల కిందటిది. అయినా ఇప్పుడు తలుచుకుంటే, ఆ రోజుల్లో నేనెంత పిరికివాణ్నో అని నాకే ఆశ్చర్యంగా ఉంటుంది. (ఇప్పుడేదో ధైర్యవంతుణ్నయిపోయానని కాదు. ఇప్పటికీ తెలియని నంబరు నుంచి ఫోనొస్తే, రెండు రింగులయ్యేదాకా దాని వంక గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటాను.) చోడవరం నుంచి రోలుగుంట వైపు వెళ్లే దారిలో మా ఊరు. ఆ ఊరి నుంచి విశాఖపట్నంలో యూనివర్సిటీకి వెళ్లి ఎమ్మెస్సీలో చేరిన మొదటివాణ్ని నేను. ఈ మాట నేనెవరికీ చెప్పుకోలేదు. చెప్పవలసిన అవసరం మా నాన్న లేకుండా చేశాడు. ఎరువుల కొట్టులో, కిళ్లీబడ్డీ దగ్గర, ఆఖరికి గేదెకి సూదిమందు వేయడానికొచ్చిన డాక్టరుకి కూడా, "మావోడు యూనివర్సిటీ అండి" అని చెప్పి కానీ అసలు సంగతిలోకి వెళ్లేవాడు కాదు.

అలాంటి మావోడు, అంటే నేను, మొదటి సెమిస్టరు రెండో పరీక్షనాడు ప్రశ్నపత్రం చేతికి రాగానే బిగుసుకుపోయాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, మాటలు కావడం లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, అరచేతుల చెమటకి ఆన్సరు షీటు తడిసింది. ఇక్కడే చచ్చిపోతాననిపించింది. "సార్, బాత్రూముకి" అని లేచినవాణ్ని మళ్లీ ఆ హాలు వంక చూస్తే ఒట్టు. మిగిలిన మూడు పరీక్షలూ కూడా రాయలేదు. ఆ మూడు రోజులూ సిటీ బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లడం, అదే బస్సులో తిరిగి రావడం. రాత్రికి నాన్న ఫోను. "ఎలా రాసేవురా?" "బాగానే రాశాను నాన్నా."

హాస్టలు నోటీసు బోర్డులో ఒక కాగితం చూసి, విద్యార్థుల కోసం పెట్టిన కౌన్సెలింగు గదికి వెళ్లాను. వెళ్లాను అని ఒక్క మాటలో అనేస్తున్నాను గానీ, ఆ మెట్లు ఎక్కడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఎవరైనా చూస్తే పక్కనున్న స్కాలర్‌షిప్పు సెక్షనుకి వచ్చానని చెప్పడానికి చేతిలో ఒక ఖాళీ దరఖాస్తు కూడా పట్టుకున్నాను. లోపల మేడమ్ ఒకావిడ కూర్చుని ఉంది. నన్ను "మీరు" అంది. పుట్టి బుద్ధెరిగాక నన్ను మీరన్న మొదటి మనిషి ఆవిడే. ఆ ఒక్క మాటకే ఏడ్చేశాను. సెలవులకి ఇంటికి వెళ్తున్నానంటే, "ఫరవాలేదు, ప్రతి మంగళవారం నాలుగు గంటలకి ఫోన్లో మాట్లాడుకుందాం. మీరు ఒంటరిగా, ధైర్యంగా మాట్లాడగలిగే చోటు ఒకటి చూసుకోండి చాలు" అంది.

చాలు అనేసింది మహాతల్లి! మా ఇంట్లో మనుషులు ముగ్గురే, అమ్మ నా చిన్నప్పుడే పోయింది. కానీ మా మామ్మ ఒక్కర్తీ పది మంది పెట్టు. తలుపు వేస్తే "ఒరే బాబూ, ఒంట్లో బాగులేదేట్రా?" అని తడుతుంది. మేడ మీదికి వెళ్తే పక్కింటివాళ్లు వడియాలు పెడుతూ చెవులు ఇటు పారేస్తారు. చివరికి దొరికిన చోటు మా ఎకరన్నర చెరకు తోట. తల మీదికి ఎదిగి, జడలు కట్టి, మనిషి లోపలికి వెళితే ఎదురుగా నిలబడినా కనపడని తోట. మరి నాలుగు గంటలకి తోటలో నీకేం పనిరా అంటే? దానికీ ఉపాయం ఆలోచించాను. చెంబు! ఇంట్లో బాత్రూము కట్టించి ఎన్నేళ్లయినా సరే, పొలానికి చెంబుతో వెళ్లే మనిషిని మా ఊళ్లో ఎవరూ ఆపరు, ఎక్కడికని అడగరు, వెనకాల రారు.

ఆ విధంగా ఒక చేత చెంబు, జేబులో ఫోనుతో నా వైద్యం మొదలైంది. అయితే చెంబు పట్టుకెళ్లినవాడు గంట దాకా తిరిగి రాకపోతే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారన్నది నాకు తట్టలేదు. రెండో మంగళవారానికల్లా మా మామ్మ రోగం కనిపెట్టేసింది. "ఓలమ్మో, గుంటడికి కడుపు పాడైపోనాది. ఆ హాస్టలు కూడు తినీసి పేగులు పుచ్చిపోనాయి" అని దానిమ్మ తొక్కల కషాయం కాచి, ముక్కు మూసి పోసింది. వీధిలో పోయేవాళ్లందరినీ ఆపి చెప్పింది. వాళ్లందరూ తలో మందూ చెప్పారు. మూడో వారానికి నాకు నిజంగానే కడుపు పాడైంది.

ఇంతకీ మేడమ్ చెప్పేదల్లా ఒకటే. ఫలితాలు వచ్చేలోగా ఇంట్లో ఒక్కరికి, ఒకే ఒక్కరికి నిజం చెప్పమని. ఆ ఒక్కరు ఎవరు? మామ్మకి చెబితే మర్నాటికి కె.కోటపాడు దాకా పాకుతుంది. నాన్నకి చెప్పాలి. నాన్న కొట్టడు, తిట్టడు. ఊరికే తల వంచుకుని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోతాడు. ఆ పైన ఎరువుల కొట్టుకి వెళ్లడం మానేస్తాడు. అది చూడలేను.

దీనికి తోడు తోటలో ఏదో ఉంది. మొదటి వారం గాలేమో అనుకున్నాను. రెండో వారం స్పష్టంగా విన్నాను, రెండు సాళ్ల అవతల ఎండాకు కింద బరువుగా ఏదో కదిలింది. అడవి పంది అయితే పొట్ట చీల్చేస్తుంది. రక్తపింజరి అయితే ఆ మాత్రం శబ్దం కూడా చెయ్యదు. ఇంకోటేదైనా అయితే (మామ్మ చిన్నప్పుడు చెప్పిన కథలు ఒకటా రెండా?) తలుచుకోకపోవడమే మంచిది. "మేడమ్, ఇక్కడేదో ఉంది" అన్నాను. "భయం వేసినప్పుడు చుట్టూ చూసి, కనిపించే అయిదు వస్తువుల పేర్లు మెల్లగా చెప్పండి" అంది ఆవిడ. చెప్పాను. "చెరకు, చెరకు, చెరకు, చెరకు, పంది లాంటిదేదో."

ఇంతలో చక్కెర ఫ్యాక్టరీ నుంచి, చెరకు కొట్టి పంపమని కటింగ్ ఆర్డర్లు రావడం మొదలైంది. ఆర్డరు వచ్చినప్పుడల్లా కూలీలు దిగి రెండు మూడు బళ్ల చెరకు కొట్టేవాళ్లు. నా ఫోను గది కాలువ వైపు నుంచి తరిగిపోతూ వచ్చింది. ఆరో మంగళవారానికి పశువుల శాలంత ముక్క మిగిలింది. ఆ రోజు ఆర్డరు లేదనుకుని చెంబు పట్టుకుని దూరాను.

"ఇవాళ నేనే మీ నాన్నగారిని అనుకోండి. చెప్పి చూడండి" అంది మేడమ్. కళ్లు మూసుకున్నాను. మెల్లగా అంటే నోట్లోంచి రాలేదు. బలమంతా కూడదీసుకుని అంటే అది కాస్తా అరుపైంది. "నాన్నా, నేను పరీక్షలు రాయలేదు! భయమేసి లేచొచ్చేశాను! నీకు అబద్ధం చెప్పాను!"

కాలువ గట్టు మీద ఎవరో ఉలిక్కిపడ్డారు. ఆర్డరు అప్పుడే వచ్చిందట, కూలీలు అప్పుడే దిగారట. మాటలు వినపడలేదు గానీ అరుపూ, ఆకు కదలడమూ తెలిశాయి వాళ్లకి. "పందిరోయ్! లోపల పందున్నాది! సుట్టుముట్టండ్రా!" అని మేస్త్రీ కేక. నాలుగు వైపుల నుంచీ కర్రలు, కత్తులు, డబ్బాల మోత. నా మీద పడడానికి వస్తున్నారని తెలుసు, నోరు పెగలదు, కాళ్లు లేవవు. అచ్చంగా పరీక్ష హాలే మళ్లీ. సరిగ్గా అప్పుడు నా వెనక రెండు సాళ్ల అవతల ఎండాకు ఫెళ్లుమంది. నా పందో, పింజరో, దెయ్యమో, ఏదైతేనేం, నిలువునా లేచి చేతులు చాపి అరిచింది.

"ఆగండ్రా! ఆగండి! నా కొడుకున్నాడు!"

మా నాన్న! జుత్తు నిండా ఎండాకు, లుంగీ నిండా మట్టి. మేస్త్రీ కర్ర దించి నోరు తెరిచాడు. "నువ్వేట్రా బావా, లోపలేటి సేస్తన్నావు?" నాన్న అటూ ఇటూ చూసి, వంగి, కిందనుంచి తన చెంబు తీసి చూపించాడు. మేస్త్రీ ఒకసారి ఆ చెంబునీ, ఒకసారి నా చెంబునీ చూశాడు. "కొంపంతా ఒకటే రోగమేటి?" అన్నాడు.

ఫోన్లో మేడమ్ "హలో, బాగానే ఉన్నారా?" అంటోంది. "ఉన్నాను మేడమ్. నాన్నగారు విన్నారు" అని పెట్టేశాను. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. తువ్వాలు దులుపుతాడేమోనని ఎదురుచూశాను, దులపలేదు.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"మొదటి మంగళారం నుంచీ. ఇంటికొచ్చిన కాణ్నుంచి నువ్వు సరిగ్గా తినట్లేదు, పడుకోట్లేదు. ఒక్కడివీ తోటలోకి పోతంటే, ఏటి సేసుకుంటాడో అని బయమేసి నీ ఎనకాలే వచ్చీసేను."

"అంతా విన్నావు కదా. మరి ఒక్క మాటయినా అనలేదేం?"

నాన్న జుత్తులోని ఎండాకు ఒక్కొక్కటే తీసి పారేశాడు. "నాకు తెలిసిపోనాదని తెలిస్తే నువ్వు ఆవిడతో మాట్టాడ్డం మానీస్తావు. నాతో కాపోతే ఏటి, ఎవలితోనో ఒకలితో మాట్టాడతన్నావు కదా అని కూకున్నాను."

ఆ మరుసటి ఏడు ఆ పరీక్షలన్నీ రాశాను. వణుకుతూనే రాశాను, ఒకటి రెండుసార్లు తప్పాను కూడా. ఇప్పుడు అనకాపల్లిలో ఉద్యోగం చేసుకుంటున్నాను. ఎవరికీ వినపడకూడదని, చెంబు పట్టుకుని అంత లోపలికి వెళ్లి గుసగుసలాడిన ఆ ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. లోకంలో భయమంతా తన ఒక్కడికే రాసిపెట్టారనుకున్నాడు వెర్రివాడు. ఆరు మంగళవారాలు, మోకాళ్ల నొప్పులతో, దగ్గు వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకుని, వాడికంటే ఎక్కువ భయపడుతూ వాడి వెనకే ఒక మనిషి కూర్చున్నాడు.